ఓర్విల్ విమానంలో నాన్నగారు

ఫ్రిస్కోలో ఒక ఆదివారం పొద్దున కార్యసిద్ధి హనుమాన్ గుడి నుంచి బయటికి వచ్చి, ఒక్క నిమిషం తల పైకెత్తి చూడండి. పెద్ద పెద్ద విమానాలు ఎలాగూ కనిపిస్తాయి. వాటికన్నా బాగా కిందుగా, ఒక్కోసారి ఒక చిన్న విమానం కందిరీగలా ఝుమ్మంటూ నెమ్మదిగా పోతూ ఉంటుంది. పక్కనున్న మెకిన్నీలోనో అడిసన్‌లోనో ఉన్న విమానాశ్రయం నుంచి లేచి ఉంటుంది. అందులో రెండు సీట్లో నాలుగు సీట్లో ఉంటాయి. దాన్ని నడిపేవాళ్ళకు అది ఉద్యోగం కాకపోవచ్చు. వారమంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, సెలవురోజున విమానం నడపడం నేర్చుకునే మామూలు మనుషులు కావచ్చు. మీ పక్కింటి అంకుల్ కావచ్చు, మీ పిన్ని కావచ్చు.

అమెరికాలో దీనికి కొన్ని నియమాలున్నాయి. 16 ఏళ్ళు నిండితే ఒంటరిగా విమానం నడపడానికి ఒప్పుకుంటారు. 17 ఏళ్ళు నిండి, కనీసం 40 గంటలు ఎగిరి, పరీక్షలు పాసైతే ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఇస్తారు. నేర్చుకుంటున్నంతకాలం పక్కన గురువు ఉండాలి, లేకపోతే ఒక్కరే ఉండాలి. వేరే ఎవ్వరినీ ఎక్కించుకోకూడదు. లైసెన్సు చేతికి వచ్చాక మాత్రం ఎక్కించుకోవచ్చు. కానీ అద్దె తీసుకోకూడదు. టాక్సీలాగా నడపకూడదన్నమాట. మరి డబ్బు తీసుకోకుండా ఎవరిని తిప్పుతారు? ఇంట్లోవాళ్ళనే! అందుకే కొత్త పైలట్ల విమానం మొదట ఎక్కేది ఎక్కువగా అమ్మో, నాన్నో, తమ్ముడో, చెల్లెలో.

వినడానికి సరదాగా ఉంది కదా? కానీ ఒక్కసారి ఆ పైలట్ సీట్లో కూర్చుని ఆలోచించండి. ఒంటరిగా ఎగిరినప్పుడు భయం మన ఒక్కరిదే. పక్కన అమ్మ కూర్చుంటే? అమ్మకేమో విమానం గురించి ఏమీ తెలియదు. మన మీద నమ్మకంతో ఎక్కింది, అంతే.

ఈ మాట అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఒకడున్నాడు. అతని పేరు ఓర్విల్ రైట్. విమానాన్ని కనిపెట్టిన అన్నదమ్ముల్లో తమ్ముడు. అన్న పేరు విల్బర్. మీరు బడిలో వీళ్ళ గురించి చదివే ఉంటారు. అయితే బడి పుస్తకాల్లో కథ 1903తో ఆగిపోతుంది. మనం చెప్పుకోబోయే ముఖ్యమైన రోజు అందులో చాలాసార్లు ఉండదు. ఆ రోజున ఓర్విల్ తన 81 ఏళ్ళ నాన్నగారిని విమానం ఎక్కించాడు.

ఓర్విల్ 1871 ఆగస్టు 19న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, డేటన్ అనే ఊళ్ళో పుట్టాడు. సరిగ్గా మూడేళ్ళ తర్వాత, అదే ఆగస్టు 19న అతని చెల్లెలు కాథరిన్ పుట్టింది. ఇద్దరిదీ ఒకే పుట్టినరోజు! విల్బర్ ఓర్విల్ కన్నా నాలుగేళ్ళు పెద్ద. వాళ్ళకింకా ఇద్దరు పెద్దన్నయ్యలు ఉన్నారు.

నాన్నగారి పేరు మిల్టన్ రైట్. ఆయన బిషప్, అంటే చర్చిలో ఒక పెద్ద గురువు. పని మీద ఊరూరూ తిరిగేవారు. ఇంటినిండా పుస్తకాలు. పిల్లలు ఏ పుస్తకం తీసినా, ఏ ప్రశ్న అడిగినా కాదనేవారు కాదు. అమ్మ పేరు సూజన్. సూజన్ వాళ్ళ నాన్న గుర్రపుబళ్ళు తయారు చేసేవాడు. చిన్నప్పుడు ఆ పని చూస్తూ పెరిగింది కాబట్టి ఆమె చేతికి పనిముట్లు బాగా అలవాటు. ఇంట్లో ఏది విరిగినా ఆమే బాగుచేసేది. పిల్లలకు బొమ్మలు కూడా తనే చేసిచ్చేది. ఆ అన్నదమ్ములకు చేతిపని అమ్మ దగ్గర నుంచి వచ్చింది.

1878లో, ఓర్విల్‌కు ఏడేళ్ళప్పుడు, నాన్నగారు ఊరి నుంచి వస్తూ ఒక బొమ్మ తెచ్చారు. దాన్ని రెండు చేతుల మధ్య దాచిపెట్టుకుని, పిల్లల వైపు గాల్లోకి వదిలారు. కింద పడుతుందనుకున్నారు పిల్లలు. అది పడలేదు! గిర్రున తిరుగుతూ పైకి లేచి, ఇంటికప్పుకు తగిలి, అప్పుడు పడింది. బెండు, వెదురు, కాగితం, ఒక రబ్బరు బాండు, అంతే ఆ బొమ్మ. పిల్లలు దానికి గబ్బిలం అని పేరు పెట్టారు. అది విరిగిపోయేదాకా ఆడి, తర్వాత అలాంటివే సొంతంగా చేశారు. ఇంకా పెద్దవి చేస్తే ఇంకా బాగా ఎగురుతాయనుకున్నారు. కానీ పెద్దవి అసలు ఎగరలేదు. ఎందుకు ఎగరలేదో అప్పుడు వాళ్ళకు అర్థం కాలేదు.

1889లో అమ్మ క్షయ జబ్బుతో చనిపోయింది. కాథరిన్‌కు అప్పటికి ఇంకా 15 ఏళ్ళు నిండలేదు. ఇల్లు చూసుకునే బరువు ఆమె మీద పడింది. నాన్నగారు, విల్బర్, ఓర్విల్, కాథరిన్ - ఈ నలుగురూ ఒకరికొకరు చాలా దగ్గరయ్యారు. అన్నదమ్ములిద్దరూ ఎప్పటికీ పెళ్ళిచేసుకోలేదు. ఒకే ఇల్లు, ఒకే దుకాణం, బ్యాంకులో డబ్బు కూడా ఉమ్మడిదే. మన పాతకాలపు ఉమ్మడి కుటుంబాలు గుర్తొస్తాయి కదూ!

ఓర్విల్ హైస్కూలు చదువు పూర్తిచేయలేదు. అచ్చుయంత్రం పెట్టుకుని ఊళ్ళో చిన్న పత్రిక నడిపాడు. 1892లో అన్నదమ్ములు సైకిళ్ళ దుకాణం తెరిచారు. అప్పట్లో అమెరికాలో సైకిలంటే పిచ్చి మోజు. కొత్తగా వచ్చింది, అందరికీ కావాలి. వీళ్ళు మొదట సైకిళ్ళు అమ్మారు, బాగుచేశారు, తర్వాత సొంతంగా తయారు చేశారు.

సైకిళ్ళ వాళ్ళకు విమానం ఎందుకు అనిపిస్తుందేమో. నిజానికి అక్కడే కిటుకు ఉంది. ఆ రోజుల్లో విమానం చేయాలనుకున్న చాలామంది ఇంజను గురించే ఆలోచించారు. బలమైన ఇంజను పెడితే చాలు, ఎగిరిపోతుంది అనుకున్నారు. రైట్ సోదరులు వేరేలా ఆలోచించారు. సైకిలు తనంతట తాను నిలబడదు. తొక్కేవాడే అటూ ఇటూ ఒరుగుతూ దాన్ని నిలబెడతాడు. మీరు నేర్చుకున్నప్పుడు ఎన్నిసార్లు పడ్డారో గుర్తుందా? విమానం కూడా అంతే, ఒరిగిపోతుంటే సరిచేసుకునే ఉపాయం నడిపేవాడి చేతిలో ఉండాలి. పక్షులు రెక్కల కొసలు తిప్పి ఒరుగుతాయి. అలాగే విమానం రెక్కల కొసల్ని తాళ్ళతో లాగి మెలితిప్పే పద్ధతిని విల్బర్ కనిపెట్టాడు. వెనక ఉన్న చుక్కాని కూడా కదిలేలా ఉండాలన్నది ఓర్విల్ ఆలోచన. చుక్కాని అంటే పడవను అటూ ఇటూ తిప్పే పలక. విమానానికీ ఒకటి ఉంటుంది.

వీటిని పరీక్షించడానికి 1900 నుంచి ఏటా నార్త్ కరోలినాలో కిట్టీహాక్ అనే సముద్రపు ఒడ్డుకు వెళ్ళేవారు. అక్కడ గాలి ఎక్కువ, ఇసుక మెత్తన. పడినా ఎముకలు విరగవని ఆశ. దోమలు మాత్రం పీక్కుతిన్నాయట. మొదట ఇంజను లేని గ్లైడర్లు ఎగరేశారు. లెక్కలు తప్పని తేలితే ఇంటికొచ్చి, ఒక చెక్కపెట్టెలో గాలి ఊదుతూ చిన్న చిన్న రెక్కల్ని పరీక్షించి, లెక్కలన్నీ మళ్ళీ మొదటి నుంచి వేశారు.

1903 డిసెంబరు 14న ఎవరు ముందు ఎగరాలో తేల్చడానికి బొమ్మా బొరుసా వేశారు. విల్బర్ గెలిచాడు. కానీ విమానం సరిగ్గా లేవకుండానే నేలకు తగిలి కొంచెం దెబ్బతింది. బాగుచేసుకుని మళ్ళీ డిసెంబరు 17న ప్రయత్నించారు. ఈసారి వంతు ఓర్విల్‌ది. రెక్క మీద బోర్లా పడుకుని నడిపాడు. 12 సెకన్లు, 120 అడుగులు. మీరు అ, ఆ, ఇ, ఈ మొదలుపెట్టి అం, అః దాకా నిదానంగా చదివేలోగా అయిపోయింది! ఆరోజే నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు ఎగిరాడు. తర్వాత పెద్ద గాలి వచ్చి విమానాన్ని దొర్లించేసింది. ఆ విమానం మళ్ళీ ఎగరలేదు.

వెంటనే నాన్నగారికి టెలిగ్రాం పంపారు. అందులో 59 సెకన్లు కాస్తా 57 అయింది, ఓర్విల్ పేరులో అక్షరాలు కూడా తప్పుపడ్డాయి. టెలిగ్రాం అంటే అంతే, మధ్యలో ఉన్నవాళ్ళు ఎలా వింటే అలా! అయినా ఇంట్లోవాళ్ళకు కావాల్సిన సంగతి అందింది. ఇద్దరూ క్షేమం, క్రిస్మస్‌కు ఇంటికి వస్తున్నారు.

తర్వాత రెండేళ్ళు డేటన్‌కు ఎనిమిది మైళ్ళ దూరంలో, హఫ్‌మన్ ప్రెయిరీ అనే పచ్చికబయలులో సాధన చేశారు. ముందుగా ఆవుల్నీ గుర్రాల్నీ పక్కకు తోలి, తర్వాత ఎగిరేవారు. 1905 అక్టోబరు 5న విల్బర్ 39 నిమిషాలు, 24 మైళ్ళు ఆ మైదానం చుట్టూనే తిరిగాడు.

అప్పటిదాకా విమానంలో ఒక్కరికే చోటు. 1908లో ఇద్దరు పక్కపక్కన కూర్చునేలా మార్చారు. ఆ ఏడాది మే 14న కిట్టీహాక్‌లో మొదటి ప్రయాణికుడు ఎక్కాడు. అతను ఇంట్లోవాడు కాదు. చార్లెస్ ఫర్నాస్ అనే మెకానిక్, వాళ్ళ ఊరివాడే. ముందు విల్బర్‌తో, తర్వాత ఓర్విల్‌తో ఎగిరాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి మాత్రం ఎగరలేదు. ఆరోజే కాదు, ఎప్పుడూ ఎగిరేవారు కాదు. అది నాన్నగారికి ఇచ్చిన మాట. ఏదైనా జరిగితే ఒక్కడైనా మిగలాలి, మొదలుపెట్టిన పని ఆగకూడదు.

మన ఇళ్ళల్లో ముగ్గురు కలిసి ఏదైనా పని మీద బయలుదేరితే అమ్మమ్మలు ఒకరిని ఆపేస్తారు చూడండి, అలాంటి శకునం కాదిది. ఇందులో మూఢనమ్మకం ఏమీ లేదు. కొడుకులు చేసే పనిలో ఎంత ప్రమాదముందో ఆ తండ్రికి బాగా తెలుసు. ఎగరొద్దని అనలేదు. ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. నాకైతే, ఆ ఒక్క నియమంలో ఆయన భయం, నమ్మకం రెండూ కనిపిస్తాయి.

ఆయన భయం ఉత్తది కాదని నాలుగు నెలల్లోనే తెలిసింది.

1908లో విల్బర్ విమానం చూపించడానికి ఫ్రాన్స్ వెళ్ళాడు. ఓర్విల్ అమెరికా సైన్యానికి చూపించడానికి వాషింగ్టన్ పక్కనున్న ఫోర్ట్ మయర్‌కు వెళ్ళాడు. సెప్టెంబరు మొదటి రెండు వారాలు అద్భుతంగా గడిచాయి. ఒక గంటకు పైగా గాల్లో ఉన్నాడు. ఇద్దరు సైనికాధికారుల్ని వేరువేరుగా ఎక్కించుకుని తిప్పాడు. చూడ్డానికి వేలమంది వచ్చేవారు.

సెప్టెంబరు 17న లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్రిడ్జ్ అనే అధికారి ఎక్కాడు. అతని వయసు 26. మైదానం మీద కొన్ని చుట్లు తిరిగాక వెనక నుంచి ఏదో టకటకమని చప్పుడు వినిపించింది. గాలిని వెనక్కి నెట్టే పంకా, అదే ప్రొపెల్లరు, నిలువునా చీలింది. చీలిన పంకా అదురుతూ వెళ్ళి చుక్కానిని పట్టి ఉంచే తీగకు తగిలింది. చుక్కాని వంగిపోయింది. ఓర్విల్ చేయగలిగిందంతా చేశాడు. కానీ విమానం ముక్కు కిందికి దిగి నేలను గుద్దుకుంది. సెల్ఫ్రిడ్జ్ ఆ సాయంత్రమే చనిపోయాడు. ఇంజను విమానం కూలి చనిపోయిన మొట్టమొదటి మనిషి అతనే. ఓర్విల్ తొడ ఎముక విరిగింది, పక్కటెముకలు విరిగాయి, తుంటికి దెబ్బ తగిలింది.

ఆ కబురు టెలిగ్రాంలో డేటన్‌కు వచ్చింది. కాథరిన్ అప్పటికి హైస్కూల్లో లాటిన్ పాఠాలు చెప్పే టీచరు. వెంటనే సెలవు పెట్టి రైలెక్కింది. ఏడు వారాలు ఆసుపత్రిలో అన్నయ్య మంచం పక్కనే ఉంది. అన్నం తినిపించడం, ఉత్తరాలు రాయడం, చూడ్డానికి వచ్చేవాళ్ళతో మాట్లాడటం, సైన్యం అధికారులకు జవాబులు చెప్పడం, అన్నీ ఆమే చూసుకుంది. ఆమె మళ్ళీ ఆ టీచరు ఉద్యోగానికి వెళ్ళనే లేదు. రైట్ సోదరులు అని అందరూ ఇద్దరి పేర్లే చెప్తారు. కాథరిన్ లేకపోతే ఓర్విల్ మళ్ళీ లేచి నిలబడేవాడా అని నాకు అనుమానమే.

ఓర్విల్ పడుకున్న మంచం దగ్గరికి మెకానిక్‌లు విరిగిన ముక్కలు తెచ్చి చూపించారు. కదలలేని మనిషి ఆ ముక్కల్ని చేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. ఏది ముందు విరిగింది? ఏది దేనికి తగిలింది? ఎందుకు పడ్డామో తెలియకపోతే మళ్ళీ ఎగరకూడదు. పంకా చీలిందని తేల్చుకున్నాక దాన్ని ఇంకా గట్టిగా చేశారు, తీగల్ని సరిచేశారు.

ఇంటికొచ్చాక కర్రల సాయంతో నడక మొదలుపెట్టాడు. నొప్పి మాత్రం జీవితాంతం పూర్తిగా పోలేదు.

1909 మొదట్లో ఓర్విల్, కాథరిన్ కలిసి ఫ్రాన్స్ వెళ్ళారు. అక్కడ పో అనే ఊళ్ళో, ఫిబ్రవరి 15న విల్బర్ చెల్లెల్ని విమానం ఎక్కించాడు. అప్పటి ఆడవాళ్ళవి పాదాల దాకా పొడుగు గౌన్లు. గాలికి ఎగరకుండా కాళ్ళ దగ్గర తాడుతో కట్టారు. చీరకొంగు నడుముకు దోపుకున్నట్టన్నమాట! ఏడు నిమిషాలు ఎగిరింది. ఆలోచించండి, ఐదు నెలల కిందట ఒక అన్నయ్య విమానం నుంచి పడి ఆసుపత్రిలో ఉంటే సేవ చేసిన అమ్మాయి, ఇప్పుడు ఇంకో అన్నయ్య పక్కన అలాంటి విమానంలోనే కూర్చుంది. వాళ్ళ ఇంట్లో విమానం ఎక్కిన మొదటి ప్రయాణికురాలు కాథరినే.

ఆ ఏడాది జులైలో ఓర్విల్ తాను పడిన ఫోర్ట్ మయర్‌కే తిరిగి వెళ్ళాడు. జులై 27న అధ్యక్షుడు టాఫ్ట్ చూస్తుండగా, ఒక సైనికాధికారిని పక్కన కూర్చోబెట్టుకుని గంటా పన్నెండు నిమిషాలు ఎగిరాడు. సైన్యం విమానం కొనుక్కుంది. తర్వాత జర్మనీ వెళ్ళి అక్కడి యువరాజును కూడా తిప్పాడు.

ఇక్కడ మన టెక్సస్ మాట ఒకటి చెప్పాలి. సైన్యం కొన్న ఆ విమానాన్ని ఫ్రిస్కోకు దాదాపు 300 మైళ్ళ దూరంలోని శాన్ ఆంటోనియోకు తెచ్చారు. 1910 మార్చి 2న బెంజమిన్ ఫులోయి అనే అధికారి దాన్ని అక్కడ ఒంటరిగా ఎగరేశాడు. అంతకుముందు అతను ఎప్పుడూ ఒంటరిగా ఎగరలేదు. ఏదైనా అనుమానం వస్తే రైట్ సోదరులకు ఉత్తరం రాసేవాడు, వాళ్ళు జవాబు రాసేవారు. ఉత్తరాల్లో విమానం నడపడం నేర్చుకున్నాడన్నమాట. మీరు ఇంటర్నెట్‌లో తెలుగు నేర్చుకున్నట్టే!

సరే, డేటన్‌కు వద్దాం. ఓర్విల్ సైనికాధికారుల్ని ఎక్కించాడు, యువరాజును ఎక్కించాడు. నాన్నగారు మాత్రం ఇంకా నేల మీదే ఉన్నారు. 1878లో ఆ గబ్బిలం బొమ్మ తెచ్చిన మనిషి ఆయనే కదా.

1910 మే 25, బుధవారం. హఫ్‌మన్ ప్రెయిరీలోనే. ఆరోజు ముందుగా ఎన్నడూ జరగనిది ఒకటి జరిగింది. నాన్నగారు ఒప్పుకున్నారు. విల్బర్, ఓర్విల్ ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఓర్విల్ నడిపాడు. ఆరు నిమిషాలకు కాస్త పైగా ఎగిరి దిగారు. వాళ్ళిద్దరూ కలిసి ఎగిరింది వాళ్ళ జీవితం మొత్తంలో ఆ ఒక్కసారే. కింద నిలబడి చూస్తున్న ఆ తండ్రికి ఆ ఆరు నిమిషాలు ఎంత పొడుగ్గా అనిపించి ఉంటాయో!

తర్వాత నాన్నగారి వంతు. ఆయన వయసు 81 ఏళ్ళు. ఇప్పటి విమానాల్లాగా తలుపులు, కిటికీలు, సీటుబెల్టులు ఏమీ లేవు. కింది రెక్క ముందు అంచు మీద చిన్న సీటు. కాళ్ళు పెట్టుకోవడానికి ఒక కర్ర. పక్కనే ఇంజను గోల. కాళ్ళ కింద అంతా ఖాళీ. ఆయన ఎక్కి కొడుకు పక్కన కూర్చున్నారు.

నడిపేవాడు ఎవరో గుర్తుపెట్టుకోండి. రెండేళ్ళు కూడా కాలేదు, ఇతని పక్కన కూర్చున్న ఒక యువకుడు చనిపోయి. ఆ సంగతి కొడుక్కీ తెలుసు, తండ్రికీ తెలుసు. వయసైన మనిషి, పైకి వెళ్ళాక భయపడితే? గుండె ఆగితే? చెప్పుకోలేదు కానీ, ఓర్విల్ మనసులో ఇవన్నీ తిరగకుండా ఉంటాయా? అందుకే నిదానంగా, నేలకు దగ్గరగానే పోనిచ్చాడు.

అప్పుడు నాన్నగారు కొడుకు చెవి దగ్గరికి వంగారు. దిగిపోదామని అడగలేదు. ఇంకా పైకి తీసుకెళ్ళమన్నారు! ఇంకా, ఇంకా పైకి అన్నారట. ఓర్విల్ 350 అడుగుల ఎత్తు దాకా తీసుకెళ్ళాడు. దాదాపు 35 అంతస్తుల మేడంత ఎత్తు. ఏడు నిమిషాల తర్వాత మెల్లగా గడ్డి మీద దింపాడు.

అంతే జరిగింది. ఏ ప్రమాదమూ లేదు, ఏ రికార్డూ లేదు. అందుకే బడి పుస్తకాల వాళ్ళు దీన్ని వదిలేస్తారేమో.

రెండేళ్ళకు, 1912 మే 30న, విల్బర్ టైఫాయిడ్ జ్వరంతో చనిపోయాడు. 45 ఏళ్ళే. విమానం ఏమీ చేయలేదు కానీ, జ్వరం తీసుకుపోయింది. నాన్నగారు 1917 దాకా బతికారు. తుంటినొప్పితో బాధపడుతున్న ఓర్విల్ 1918లో విమానం నడపడం మానేశాడు.

ఓర్విల్ మంచివాడే కానీ దేవుడేం కాదు. 1926లో, 52 ఏళ్ళ వయసులో, కాథరిన్ తనకు నచ్చిన ఒక పాత స్నేహితుణ్ణి పెళ్ళిచేసుకుంది. ఓర్విల్ పెళ్ళికి వెళ్ళలేదు. అలిగి మాట్లాడటం మానేశాడు. అందరూ పోగా మిగిలిన ఒక్క చెల్లెలు తనను వదిలి వెళ్ళిపోతోందని బాధ. కానీ ఆసుపత్రిలో ఏడు వారాలు పక్కన కూర్చున్న చెల్లెలి మీద అలగడం న్యాయమేనా? 1929లో ఆమెకు న్యుమోనియా వచ్చింది. పెద్దన్నయ్య లోరిన్ నచ్చజెప్పాక ఓర్విల్ వెళ్ళి ఆమెను చూశాడు. అప్పటికే బాగా ఆలస్యమైంది. మార్చి 3న కాథరిన్ చనిపోయింది.

ఆ ఏడాదే ఫిబ్రవరిలో, భారతదేశంలో జె.ఆర్.డి. టాటా అనే యువకుడు పైలట్ లైసెన్సు తీసుకున్నాడు. భారతదేశంలో ఇచ్చిన లైసెన్సుల్లో దాని అంకె 1. మూడేళ్ళ తర్వాత అతని కంపెనీ విమానాలు కరాచీ నుంచి బొంబాయికి, అక్కడి నుంచి బళ్ళారి మీదుగా మద్రాసుకు ఉత్తరాలు మోయడం మొదలుపెట్టాయి. మీ తాతమ్మలు, ముత్తాతలు మొదటిసారి విమానం చూసింది ఇంచుమించు ఆ రోజుల్లోనే అయి ఉండొచ్చు.

ఓర్విల్ ఆఖరిసారి విమానం ఎక్కింది 1944 ఏప్రిల్‌లో. అది నాలుగు ఇంజన్ల పెద్ద విమానం, పేరు కాన్‌స్టలేషన్. కాసేపు నడిపే చక్రం కూడా అతని చేతికిచ్చారు. ఆ విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 123 అడుగులు. తన మొట్టమొదటి ప్రయాణం 120 అడుగులే కదా, ఇప్పుడు రెక్కలే అంతకన్నా పొడుగయ్యాయని ఓర్విల్ నవ్వుకున్నాడట.

ఓర్విల్ 76 ఏళ్ళ వయసులో, 1948 జనవరి 30న డేటన్‌లో చనిపోయాడు. ఈ తేదీ ఎక్కడో విన్నట్టుందా? అమ్మానాన్నలను అడగండి, వెంటనే చెప్తారు. ఢిల్లీలో గాంధీగారు చనిపోయింది కూడా ఆరోజే.

1903 నాటి విమానం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. రైట్ వాళ్ళ ఇల్లు, సైకిళ్ళ దుకాణం మిషిగన్‌లో ఉన్నాయి. హెన్రీ ఫోర్డ్ వాటిని విప్పించి, అక్కడికి తరలించి మళ్ళీ కట్టించాడు. హఫ్‌మన్ ప్రెయిరీ మాత్రం డేటన్ దగ్గర ఉన్నచోటే ఉంది, వెళ్ళి చూడొచ్చు. ఇప్పటికీ పచ్చికబయలే. ఆవులు మాత్రం లేవు.

మాట్లాడుకుందాం: నాన్నగారు కొడుకులిద్దరినీ కలిసి ఎగరొద్దని ఎందుకన్నారు? 1910లో ఎందుకు ఒప్పుకుని ఉంటారు? మీ ఇంట్లో మొదటిసారి విమానం ఎక్కింది ఎవరు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి? అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, తెలుగులోనే అడిగి, వాళ్ళు చెప్పింది ఐదు వాక్యాల్లో రాసుకురండి.